డైనమిక్ లైబ్రరీల లోడింగ్: ఒక భద్రతా సమస్య చరిత్ర

కంపైలర్, లింకర్ అనేవి ఏం చేస్తాయో మీరు గత యూనిట్‌లో చదివారు. మనం రాసిన ప్రోగ్రామ్‌ను కంపైలర్ యంత్రభాషలోకి మారుస్తుంది. ఆ ముక్కలను, ఇతరులు రాసిపెట్టిన లైబ్రరీలను కలిపి లింకర్ ఒక్కటిగా కుడుతుంది. ఇప్పుడు తెలుసుకోబోయేది ఆ కుట్టుపనిని వాయిదా వేసే పద్ధతి గురించి. ప్రోగ్రామ్ నడుస్తున్నప్పుడు, అవసరమైన క్షణంలో లైబ్రరీని వెతికి తెచ్చి కలుపుకోవడాన్ని డైనమిక్ లోడింగ్ అంటారు. మీ కంప్యూటర్‌లోనూ మొబైల్‌లోనూ ఈ పని రోజుకు కొన్ని వేలసార్లు జరుగుతుంది.

ఇందులో చిక్కు ఎక్కడుందో ఒక చిన్న ఉదాహరణతో చూద్దాం. పోస్ట్‌మ్యాన్ చేతికి "సుబ్బారావు గారికి" అని మాత్రమే రాసిన ఉత్తరం వచ్చిందనుకోండి. ఇంటిపేరు లేదు, వీధి పేరు లేదు, డోర్ నంబరు లేదు. ఆయన రోజూ తిరిగే దారిలో మొదట ఏ సుబ్బారావు తగిలితే ఆయనకే ఆ ఉత్తరం చేరుతుంది. ఊరంతా తెలిసినవాళ్లే అయితే ఇబ్బంది లేదు. కానీ ఆ ఉత్తరంలో మనియార్డరు ఉందని తెలిసి, ఎవరో ఒకడు దారి మొదట్లోనే నిలబడి "సుబ్బారావును నేనే" అంటే? ప్రోగ్రామ్ "ఫలానా లైబ్రరీ కావాలి" అని పేరు మాత్రమే చెప్పినప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్‌లోని లోడర్ ఆ పోస్ట్‌మ్యాన్ స్థానంలో ఉంటుంది. అది ఏ డైరెక్టరీలను ఏ వరుసలో వెతుకుతుంది, ఆ వరుసను ఎవరు మార్చగలరు అన్న రెండు ప్రశ్నల చుట్టూనే ఈ చరిత్ర తిరుగుతుంది. ఈ రెండింటినీ మనసులో ఉంచుకుని ముందుకు చదవండి.

1. అల్మారాలోని టేపులు

లైబ్రరీ అన్న మాట కంప్యూటర్ రంగంలోకి నిజమైన అల్మారాతోనే వచ్చింది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో 1949 మే నెలలో ఎడ్‌శాక్ యంత్రం తొలి ప్రోగ్రామ్‌ను నడిపింది. తరచుగా అవసరమయ్యే చిన్న చిన్న లెక్కలను, అంటే వర్గమూలం, త్రికోణమితి ప్రమేయాల వంటివాటిని, విడివిడి కాగితపు టేపుల మీద రంధ్రాలుగా కొట్టి ఒక ఇనుప అల్మారాలో భద్రపరిచేవారు. కావలసిన టేపును తీసుకుని తన ప్రోగ్రామ్ టేపుపైకి నకలు చేసుకోవడం ప్రోగ్రామర్ పని. మారిస్ విల్క్స్, డేవిడ్ వీలర్, స్టాన్లీ గిల్ కలిసి 1951లో ఈ పద్ధతి మీద ఒక పుస్తకమే ప్రచురించారు. నకలు చేసిన సబ్‌రొటీన్ మెమరీలో ఎక్కడ కూర్చున్నా అందులోని చిరునామాలు సరిపోయేలా సర్దే పనిని వీలర్ రాసిన ప్రారంభ ఆదేశాలు చేసేవి. నేటి లోడర్‌కు మూలపురుషుడు అదే.

ఇక్కడ భద్రత అన్న ప్రశ్నే తలెత్తలేదు. టేపును తీసేది మనిషి. అది ఏ అరలో ఉందో, ఎవరు రాశారో ఆయనకు తెలుసు. వెతికే పనిని యంత్రానికి అప్పగించిన తరువాతే ఈ ప్రశ్న పుట్టింది.

2. మల్టిక్స్: మొదటి జవాబు, మొదటి అనుమానం

ఆ అప్పగింత 1960లలో మల్టిక్స్‌తో పూర్తిగా జరిగింది. ఎంఐటీ, జనరల్ ఎలక్ట్రిక్, బెల్ ల్యాబ్స్ కలిసి తలపెట్టిన ఈ ఆపరేటింగ్ సిస్టమ్ గురించి 1965లో వరుసగా కొన్ని పరిశోధన పత్రాలు వెలువడ్డాయి. విద్యుత్తులాగా, టెలిఫోన్‌లాగా గణనశక్తిని కూడా వందలమందికి ఒకే కేంద్రం నుంచి అందించాలన్నది వారి ఆలోచన. అంతమంది ఒకే యంత్రాన్ని వాడుతున్నప్పుడు ప్రతి ప్రోగ్రామ్‌లోనూ ఒకే లైబ్రరీ నకళ్లు ఉండటం వృథా. అందువల్ల మల్టిక్స్‌లో ఒక ప్రోగ్రామ్ మరొక ప్రొసీజర్‌ను మొదటిసారి పిలిచేదాకా ఆ రెండింటికీ సంబంధమే ఉండదు. ఆ మొదటి పిలుపు దగ్గర యంత్రం ఆగుతుంది, లింకర్ రంగంలోకి దిగుతుంది, కావలసిన సెగ్మెంట్‌ను వెతికి ముడివేస్తుంది. రెండోసారి పిలిచినప్పుడు నేరుగా అక్కడికే వెళ్తుంది.

ఎక్కడ వెతుకుతుంది? దీనికి మల్టిక్స్ "వెతుకులాట నియమాలు" ఏర్పరచింది. ఇప్పటికే తెరిచి ఉన్న సెగ్మెంట్లు, పిలిచిన ప్రోగ్రామ్ ఉన్న డైరెక్టరీ, వాడుకరి ప్రస్తుతం పనిచేస్తున్న డైరెక్టరీ, ఆ తరువాతే సిస్టమ్ లైబ్రరీలు. సాధారణంగా వరుస ఇది. ఈ వరుసను ఒకసారి మళ్లీ చదవండి. వాడుకరి పనిచేస్తున్న డైరెక్టరీ సిస్టమ్ లైబ్రరీల కంటే ముందుంది. సొంతంగా సరిదిద్దుకున్న ప్రొసీజర్‌ను అసలుదాని బదులు వాడి చూసుకునే సౌకర్యం కోసం అలా పెట్టారు. పరిశోధకులకు ఎంతో పనికొచ్చే సౌకర్యమే అది. ఇదే వరుస ముప్ఫై ఏళ్ల తరువాత మరో కంపెనీకి ఎంత తలనొప్పి తెచ్చిందో తరువాత చూస్తాం.

మల్టిక్స్ వాళ్లకు మరో అనుమానం కూడా వచ్చింది, అది మరింత లోతైనది. లింకర్ మొదట్లో సిస్టమ్ అంతరంగంలో, అత్యున్నత అధికారాలతో నడిచేది. కానీ అది చదివే సమాచారమంతా మామూలు వాడుకరులు తయారుచేసిన ఫైళ్లలోది. ఎవరైనా కావాలని వంకరగా తయారుచేసిన ఫైల్‌ను దాని ముందు పెడితే, అన్ని అధికారాలూ ఉన్న ప్రోగ్రామే తడబడుతుంది. 1974లో ఎంఐటీలో ఫిలిప్ జాన్సన్ అనే విద్యార్థి తన సిద్ధాంతవ్యాసంలో లింకర్‌ను ఆ కేంద్రస్థానం నుంచి బయటకు తెచ్చి, వాడుకరి స్థాయిలోనే నడపవచ్చని చూపించాడు. పనికి ఎంత అధికారం అవసరమో అంతే ఉండాలన్న సూత్రానికి ఇది చక్కని ఉదాహరణ. నా దృష్టిలో ఈ రంగంలో రావలసినంత పేరు రాని రచనల్లో ఇదొకటి.

3. యూనిక్స్: వద్దనుకుని, మళ్లీ తెచ్చుకుని

బెల్ ల్యాబ్స్ 1969లో మల్టిక్స్ నుంచి తప్పుకుంది. అక్కడివారు తయారుచేసుకున్న యూనిక్స్ చిన్న యంత్రాల కోసం పుట్టింది. డైనమిక్ లింకింగ్ జోలికి అది వెళ్లలేదు. ప్రతి ప్రోగ్రామ్ తనకు కావలసిన లైబ్రరీలను ఒంట్లో కలిపేసుకునే ఉండేది. దాదాపు పదిహేనేళ్లు అలాగే సాగింది.

పరిస్థితిని మార్చింది కిటికీలు. తెర మీద విండోలు గీసే లైబ్రరీలు పరిమాణంలో చాలా పెద్దవి. ఒక చిన్న గడియారం బొమ్మ చూపే ప్రోగ్రామ్ కూడా ఆ బరువంతా మోయవలసి వచ్చేది. సన్ మైక్రోసిస్టమ్స్ ఇంజనీర్లు 1987లో ఒక పత్రం ప్రచురించి, 1988లో వచ్చిన సన్ ఓఎస్ నాలుగో వెర్షన్‌లో షేర్డ్ లైబ్రరీలను ప్రవేశపెట్టారు. అంతకుముందే ఏటీ అండ్ టీ వారి సిస్టమ్ ఫైవ్ మూడో విడుదలలో షేర్డ్ లైబ్రరీలు ఉన్నాయి. కానీ వాటిలో ప్రతి లైబ్రరీకీ మెమరీలో ఒక చిరునామాను ముందే కేటాయించాలి, అది మారకూడదు. లైనక్స్ కూడా తొలి ఏళ్లలో ఈ కష్టమే పడి, 1990ల మధ్యలో ఈఎల్ఎఫ్ అనే ఫైల్ రూపానికి మారి ఊపిరి పీల్చుకుంది. సన్ పద్ధతిలో లైబ్రరీ ఎక్కడైనా కూర్చోగలదు. నడుస్తున్న ప్రోగ్రామ్ తానే ఒక లైబ్రరీని అడిగి తెప్పించుకునే డీఎల్ ఓపెన్, అందులోని ప్రమేయాన్ని పేరుతో వెతికే డీఎల్ సిమ్ అనే పిలుపులు ఈ సంప్రదాయం నుంచే వచ్చాయి.

యూనిక్స్ లోడర్ తనంతట తాను ప్రస్తుత డైరెక్టరీలో వెతకదు. ఇది మంచి నిర్ణయం. అయితే ఎల్‌డీ లైబ్రరీ పాత్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో వాడుకరి ఏ డైరెక్టరీల పేర్లు రాస్తే అక్కడ ముందు వెతుకుతుంది. ఎల్‌డీ ప్రీలోడ్ అనే వేరియబుల్‌లో పేరు రాస్తే ఆ లైబ్రరీని అన్నిటికన్నా ముందే తెచ్చి కూర్చోబెడుతుంది. పోస్ట్‌మ్యాన్ చేతికి ఎవరైనా ఒక చీటీ ఇచ్చి "ఈరోజు మా వీధి నుంచి మొదలుపెట్టు" అనవచ్చన్నమాట. మన సొంత ప్రోగ్రామ్‌కు మనం ఆ చీటీ ఇచ్చుకుంటే ఇబ్బంది లేదు. కానీ పాస్‌వర్డ్ మార్చే ప్రోగ్రామ్ వంటివి, మామూలు వాడుకరి నడిపినా, రూట్ అధికారాలతో నడుస్తాయి. వాటికి ఎవరుపడితే వారు చీటీ ఇస్తే రూట్ అధికారం అతని లైబ్రరీ చేతికి చిక్కినట్టే. కాబట్టి నడిపినవాడు ఒకరు, అధికారం మరొకరిది అయినప్పుడు లోడర్ ఈ వేరియబుల్స్‌ను పట్టించుకోకూడదని నియమం పెట్టారు.

నియమం బాగుంది. అయినా 1995 నవంబరులో అమెరికాలోని సెర్ట్ సంస్థ ఒక హెచ్చరిక విడుదల చేయవలసి వచ్చింది. ఆ రోజుల్లో దూరంలోని కంప్యూటర్‌లోకి టెల్‌నెట్ ద్వారా ప్రవేశించేవారు. వాడుకరి తన వైపు నుంచి కొన్ని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌ను పంపే ఏర్పాటు టెల్‌నెట్‌లో ఉండేది. సర్వర్‌లోని టెల్‌నెట్ ప్రోగ్రామ్ వాటిని అలాగే తీసుకుని, పేరూ పాస్‌వర్డూ అడిగే లాగిన్ ప్రోగ్రామ్‌ను నడిపేది. అవతలివాడు ఎల్‌డీ లైబ్రరీ పాత్‌నే పంపితే? లాగిన్ ప్రోగ్రామ్ అతని లైబ్రరీని లోడ్ చేసుకుంటుంది, పాస్‌వర్డ్ అడగకముందే పని అయిపోతుంది. మరి లోడర్ నియమం ఏమైంది? నడిపినవాడికీ అధికారానికీ తేడా ఉందా అని అది చూసింది. టెల్‌నెట్ సర్వర్ రూట్‌గా నడుస్తోంది, అది పిలిచిన లాగిన్ కూడా రూటే. తేడా లేదు కాబట్టి నియమం వర్తించలేదు. వ్యక్తులను పోల్చి చూసిందే తప్ప, ఆ చీటీ ఏ దేశం నుంచి వచ్చిందో లోడర్ అడగలేదు. ఒక భాగం రాసినవారు అనుకున్నది మరో భాగం రాసినవారికి తెలియకపోవడం వల్ల పుట్టిన రంధ్రం ఇది. ఇలాంటివే ఎక్కువ ప్రమాదకరమైనవి, ఎందుకంటే ఏ ఒక్క ప్రోగ్రామ్‌ను విడిగా చదివినా లోపం కనిపించదు.

ఆ తరువాతా లోడర్‌లో కొత్త సౌకర్యం చేర్చిన ప్రతిసారీ కొత్త చీటీ ఒకటి పుట్టుకొస్తూనే ఉంది. ప్రోగ్రామ్ ఉన్న డైరెక్టరీనే సూచించే ఆరిజిన్ అన్న సంకేతాన్ని వంచి రూట్ అధికారం పొందవచ్చని 2010 అక్టోబరులో టావిస్ ఆర్మాండీ చూపించాడు. 2023 అక్టోబరులో క్వాలిస్ సంస్థ బయటపెట్టిన లోపం, మెమరీ వాడకాన్ని సర్దుబాటు చేసే మరో వేరియబుల్‌ను లోడర్ చదివే తీరులోనిది. జాన్సన్ 1974లో పడ్డ అనుమానం గుర్తుకు తెచ్చుకోండి.

ఇంకొక చిన్న ఉచ్చు ఉంది, పరీక్షల్లో అడగకపోయినా ఉద్యోగంలో పనికొస్తుంది. ఎల్‌డీ లైబ్రరీ పాత్‌లో డైరెక్టరీల మధ్య కోలన్ గుర్తు పెడతారు. ఎక్కడైనా పేరు లేకుండా కోలన్ మాత్రమే మిగిలితే, ఆ ఖాళీకి అర్థం "ప్రస్తుత డైరెక్టరీ". ఖాళీగా ఉన్న వేరియబుల్‌కు కొత్త డైరెక్టరీని తగిలించే షెల్ స్క్రిప్టులు చాలాచోట్ల తెలియకుండానే ఈ ఖాళీని వదులుతాయి.

4. విండోస్: ఫ్లాపీల కాలపు అలవాటు

విండోస్ తొలి వెర్షన్ 1985 నవంబరులో వచ్చింది. రెండు ఫ్లాపీ డ్రైవులు, 256 కిలోబైట్ల మెమరీ ఉన్న యంత్రం మీద అది నడవాలి. అంత ఇరుకులో బతకాలంటే లైబ్రరీలను పంచుకోక తప్పదు. అందుకే విండోస్ పుట్టుకతోనే డైనమిక్ లింక్ లైబ్రరీలతో పుట్టింది. దాని మూడు ప్రధాన భాగాలు కెర్నల్, యూజర్, జీడీఐ అనేవి స్వయంగా డీఎల్ఎల్‌లే.

ఆ యంత్రానికి వాడుకరి ఒక్కడే. నెట్‌వర్క్ లేదు. ఫ్లాపీ ఎవరి చేతిలో ఉంటే వారే యజమాని. డాస్‌లో ఒక ఆజ్ఞ టైపు చేస్తే ముందు ప్రస్తుత డైరెక్టరీలో వెతకడం అప్పటికే అలవాటు. డీఎల్ఎల్‌లకూ అదే కొనసాగింది. ముందు ప్రోగ్రామ్ ఉన్న డైరెక్టరీ, ఆ వెంటనే ప్రస్తుత డైరెక్టరీ, తరువాతే సిస్టమ్ డైరెక్టరీలు, చివరికి పాత్ వేరియబుల్‌లో ఉన్నవి. మల్టిక్స్ వరుసతో పోల్చి చూడండి. అది పుట్టిన రోజున ఈ వరుసలో తప్పు పట్టడానికి ఏమీ లేదని నా అభిప్రాయం. చుట్టూ ఉన్న లోకం మారింది, వరుస మారలేదు.

1990లలో జనాన్ని విసిగించింది వేరే సమస్య. ప్రతి కొత్త సాఫ్ట్‌వేర్ తన వెర్షన్ డీఎల్ఎల్‌ను సిస్టమ్ డైరెక్టరీలో పాతదాని మీద రాసేది. దానితో నిన్నటిదాకా పనిచేసిన మరో సాఫ్ట్‌వేర్ ఆగిపోయేది. దీనికి డీఎల్ఎల్ నరకం అన్న పేరు స్థిరపడింది. విండోస్ 2000లో సిస్టమ్ ఫైళ్లను ఎవరూ చెరపకుండా కాపలా పెట్టారు. 2001లో వచ్చిన ఎక్స్‌పీలో ఒకే లైబ్రరీ వేర్వేరు వెర్షన్లు పక్కపక్కనే ఉండే ఏర్పాటు చేశారు. ప్రతి ప్రోగ్రామ్ తనకు కావలసిన డీఎల్ఎల్‌లను తన ఫోల్డర్‌లోనే పెట్టుకోవడమూ పెరిగింది. నరకం కొంత చల్లబడింది.

ఈలోగా అసలు ప్రమాదం మరో దారిలో వచ్చింది. 2000 సెప్టెంబరులో బల్గేరియాకు చెందిన భద్రతా పరిశోధకుడు జార్జి గునిన్‌స్కీ ఒక విషయం ప్రకటించాడు. ఒక ఫోల్డర్‌లో వర్డ్ పత్రం ఉంది. దాని పక్కనే రిచ్ఎడ్20 అనే పేరుతో ఒక డీఎల్ఎల్ పెట్టండి. పత్రం మీద డబుల్ క్లిక్ చేస్తే వర్డ్ తెరుచుకుంటుంది. అప్పుడు ప్రస్తుత డైరెక్టరీ ఆ పత్రం ఉన్న ఫోల్డరే. వర్డ్ ఆ పేరుగల లైబ్రరీని అడుగుతుంది. సిస్టమ్ డైరెక్టరీదాకా వెళ్లకముందే పక్కనున్నది పలుకుతుంది. పత్రంలో వైరస్ లేదు, మాక్రో లేదు. ఉత్త పొరుగు దోషం.

సరిగ్గా ఏడాది తరువాత, 2001 సెప్టెంబరు 18న, నిమ్డా అనే వార్మ్ ప్రపంచమంతా పాకింది. అది వాడిన అనేక దారుల్లో ఇదొకటి. పత్రాలున్న ఫోల్డర్లలో రిచ్ఎడ్20 పేరుతోనే తన నకళ్లు పెట్టింది. ఆఫీసుల్లో పదిమందీ వాడే షేర్డ్ ఫోల్డర్‌లో ఇది ఎంత సులువుగా వ్యాపిస్తుందో ఊహించండి.

మైక్రోసాఫ్ట్ 2004లో ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2తో వరుసను మార్చింది. ప్రస్తుత డైరెక్టరీని సిస్టమ్ డైరెక్టరీల వెనక్కి జరిపింది. ఇది ముందే ఉన్న ఐచ్ఛిక ఏర్పాటే, అప్పటినుంచి అందరికీ వర్తించింది. గమనించండి: వెనక్కి జరిపింది, తీసేయలేదు. తీసేస్తే దానిమీద ఆధారపడిన పాత ప్రోగ్రామ్‌లు ఆగిపోతాయి. ఫలితం ఏమిటో 2010 ఆగస్టులో తెలిసింది. సిస్టమ్‌లో ఉన్న పేరైతే అక్కడిదే దొరుకుతుంది, మంచిదే. కానీ చాలా ప్రోగ్రామ్‌లు "ఉంటే వాడుకుంటాను, లేకపోతే లేదు" అన్న ధోరణిలో, ఆ యంత్రంలో లేని డీఎల్ఎల్‌లను కూడా అడుగుతాయి. లేని సుబ్బారావు కోసం పోస్ట్‌మ్యాన్ ఊరంతా తిరిగి, చివరికి ప్రస్తుత డైరెక్టరీ అనే వీధికీ వస్తాడు. అక్కడ ఎవరో కాచుకుని ఉంటారు. స్లొవేనియాలోని అక్రోస్ సంస్థ, అమెరికాలోని హెచ్‌డీ మూర్ దాదాపు ఒకే సమయంలో దీన్ని బయటపెట్టారు. పత్రం, డీఎల్ఎల్ రెండూ నెట్‌వర్క్ మీది ఫోల్డర్‌లో ఉన్నా పనిచేస్తుందని తేలింది. లోపమున్న ప్రోగ్రామ్‌ల జాబితా వారాల తరబడి పెరుగుతూ పోయింది. ఆగస్టు 23న మైక్రోసాఫ్ట్ అధికారిక సూచన వెలువరించింది. మరుసటి ఏడాది, వెతికే చోట్లను ప్రోగ్రామరే ఖాయం చేసుకునే కొత్త పిలుపులను ఇచ్చింది.

వరుసలో మొదటిది, ప్రోగ్రామ్ ఉన్న డైరెక్టరీ, ఇప్పటికీ మొదటిదే. మీలో చాలామంది సాఫ్ట్‌వేర్‌ను డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లోకి దింపుకుని అక్కడే డబుల్ క్లిక్ చేస్తారు, లేదా స్నేహితుల పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా నడుపుతారు. ఆ ఇన్‌స్టాలర్‌కు డౌన్‌లోడ్స్ ఫోల్డరే సొంత డైరెక్టరీ. నిరుడెప్పుడో ఏదో వెబ్‌సైట్ అందులో పడేసిన డీఎల్ఎల్ ఒకటి పడివుంటే దాని వంతు ముందు వస్తుంది. కొత్త ఖాళీ ఫోల్డర్‌లోకి మార్చి నడపడం ఖర్చులేని జాగ్రత్త.

మీ ప్రగతిని సరిచూసుకోండి
అ) టెల్‌నెట్ లోపంలో లోడర్ తన నియమాన్ని సరిగ్గానే పాటించినా రక్షణ ఎందుకు లభించలేదు?
ఆ) 2004 నాటి మార్పు గునిన్‌స్కీ చూపిన దాడిని ఆపింది. 2010 నాటి దాడిని ఎందుకు ఆపలేకపోయింది?

5. మ్యాక్: చిరునామా రాసి ఉన్న ఉత్తరం

2001లో వచ్చిన మ్యాక్ ఓఎస్ టెన్ తన లోడర్‌ను నెక్స్ట్‌స్టెప్ నుంచి తెచ్చుకుంది. ఇక్కడ పద్ధతి వేరు. ప్రతి లైబ్రరీలో తాను ఎక్కడ ఉండాలో పూర్తి చిరునామా రాసి ఉంటుంది. దానితో లింక్ అయిన ప్రోగ్రామ్ ఆ చిరునామాను నకలు చేసుకుంటుంది. మన ఉదాహరణలో, ఇంటిపేరూ డోర్ నంబరూ ఉన్న ఉత్తరమన్నమాట. సిద్ధాంతపరంగా ఇది మిగతా రెండింటికన్నా మెరుగని నేనంటాను. కానీ ప్రోగ్రామ్‌ను ఒక ఫోల్డర్ నుంచి మరోదానికి లాగితే చిరునామా చెల్లదు. దానికోసం "ప్రోగ్రామ్ ఉన్నచోటు", "నన్ను పిలిచిన ఫైల్ ఉన్నచోటు" అన్న సాపేక్ష సంకేతాలు వచ్చాయి. తరువాత 2007లో, కొన్ని చోట్లను వరుసగా ప్రయత్నించే ఆర్‌పాత్ సంకేతం వచ్చింది. వరుస వచ్చిందంటే పాత సమస్య వచ్చినట్టే. ముందున్న చోటు ఖాళీగా ఉంటే అక్కడ దొంగ లైబ్రరీని నిలబెట్టవచ్చని 2015లో పాట్రిక్ వార్డిల్ వివరంగా చూపించాడు.

అదే ఏడాది వేసవిలో, లోడర్ తన సందేశాలను ఏ ఫైల్‌లో రాయాలో చెప్పే ఒక కొత్త వేరియబుల్, రూట్ అధికారంతో నడిచే ప్రోగ్రామ్‌ల విషయంలోనూ చెల్లుబాటవుతోందని బయటపడింది. సెప్టెంబరులో వచ్చిన ఎల్ కాపిటాన్ వెర్షన్ నుంచి, రక్షిత ప్రోగ్రామ్‌లను నడిపేముందు ఈ తరగతి వేరియబుల్స్ అన్నిటినీ సిస్టమ్ తుడిచేస్తోంది. ఆ తరువాత ఆపిల్ డిజిటల్ సంతకాల వైపు వెళ్లింది. ఆ రక్షణను ఎంచుకున్న ప్రోగ్రామ్‌లో, ఆపిల్ సంతకమో ప్రోగ్రామ్ తయారుచేసిన బృందం సంతకమో లేని లైబ్రరీ లోడ్ కాదు. ఎక్కడ దొరికిందన్న ప్రశ్నతో పాటు ఎవరిదన్న ప్రశ్న కూడా అడగడం ఇక్కడి విశేషం.

6. మూడింటిలోనూ నడిచే ప్రోగ్రామ్

ఒకే ప్రోగ్రామ్ మూడు వ్యవస్థల్లోనూ నడవాలన్న కోరిక 1990ల మధ్యలో బలపడింది. జావా 1996లో వచ్చినప్పుడు అందులో లోడ్‌లైబ్రరీ అన్న పిలుపు ఉంది. మీరు లైబ్రరీ అసలు పేరు మాత్రం చెబితే, లైనక్స్‌లో ముందు లిబ్, చివర ఎస్ఓ తగిలించి, విండోస్‌లో చివర డీఎల్ఎల్ తగిలించి, మ్యాక్‌లో డైలిబ్ తగిలించి అదే వెతుక్కుంటుంది. అదే కాలంలో గ్నూ లిబ్‌టూల్, తరువాత క్యూటీ వంటి లైబ్రరీలు ఇలాంటి సౌకర్యాన్నే ఇచ్చాయి.

ఈ సౌకర్యాల గురించి ఒక హెచ్చరిక చేయాలి. ఇవి పేర్లలోని తేడాను దాస్తాయి, వెతికే వరుసలోని తేడాను దాచలేవు. పైన ఒకే పిలుపు ఉన్నా, కింద మూడు వేర్వేరు పోస్ట్‌మ్యాన్‌లే తిరుగుతుంటారు. లైనక్స్ మీద పరీక్షించి సురక్షితమని తేల్చుకున్న ప్రోగ్రామ్, ఒక్క అక్షరం మారకుండానే విండోస్‌లో ప్రస్తుత డైరెక్టరీలోకి తొంగిచూస్తుంది. అందుకే జావాలోనే లోడ్ అనే మరో పిలుపు ఉంది, అది పూర్తి చిరునామా ఇస్తే తప్ప ఒప్పుకోదు. పైథాన్ 2019లో 3.8 వెర్షన్‌తో కఠినమైన నిర్ణయం తీసుకుంది. విండోస్‌లో విస్తరణ మాడ్యూల్‌కు కావలసిన డీఎల్ఎల్‌ల కోసం పాత్ వేరియబుల్‌లోని డైరెక్టరీలను వెతకడం మానేసింది. అదనపు చోటు కావాలంటే ప్రోగ్రామర్ స్పష్టంగా చేర్చాలి. అప్పటిదాకా నడిచిన ఎన్నో ప్యాకేజీలు ఆరోజు ఆగిపోయాయి, జనం విసుక్కున్నారు. నేను మాత్రం పైథాన్ పక్షమే.

మీరే రాయవలసివస్తే ఏం చేయాలి? నడుస్తున్న ప్రోగ్రామ్ ఫైల్ ఎక్కడుందో ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడిగి, దాని ఆధారంగా లైబ్రరీకి పూర్తి చిరునామా కట్టండి. ప్రస్తుత డైరెక్టరీని ఆధారం చేసుకోవద్దు. ఆ లైబ్రరీ ఉన్న డైరెక్టరీలో మామూలు వాడుకరులు రాయలేకుండా అనుమతులు ఉండాలి, లేకపోతే పూర్తి చిరునామా ఇచ్చీ లాభం లేదు. పూర్తి చిరునామా ఇచ్చిన లైబ్రరీ తనకు కావలసిన మరో లైబ్రరీని పేరుతోనే అడుగుతుందని మరవద్దు. విండోస్‌లో ఆ రెండో వెతుకులాటను కూడా కట్టడి చేసే సూచికలను పిలుపుతో పాటు ఇవ్వాలి. సిస్టమ్ సొంత లైబ్రరీల విషయంలో మాత్రం ఫైల్ ఉందో లేదో ముందు చూసి, తరువాత లోడ్ చేసే అలవాటు మానుకోండి. 2020లో వచ్చిన మ్యాక్ బిగ్ సర్‌లో సిస్టమ్ లైబ్రరీలు విడి ఫైళ్లుగా డిస్కు మీద లేవు, అన్నీ కలిపి ఒక ఉమ్మడి నిల్వలో ఉన్నాయి. ఫైల్ లేదని తేల్చేసిన ప్రోగ్రామ్‌లు ఉన్న లైబ్రరీనే లేదనుకుని ఆగిపోయాయి.

లైబ్రరీ మంచిదో కాదో లోడ్ చేసి చూద్దామనుకోవడం విషమో కాదో నాలుక మీద వేసుకుని చూడటం లాంటిది. యూనిక్స్ లైబ్రరీల్లో కన్‌స్ట్రక్టర్లు, విండోస్ లైబ్రరీల్లో డీఎల్ఎల్ మెయిన్ అనేవి లోడ్ అయిన క్షణంలోనే నడుస్తాయి. మీరు ఏ ప్రమేయాన్నీ పిలవనక్కరలేదు. పరీక్షలన్నీ లోడింగ్‌కు ముందే పూర్తి కావాలి.

తీసుకురావడం ఎంత ముఖ్యమో పంపించేయడమూ అంతే. లైబ్రరీని అన్‌లోడ్ చేశాక, అందులోని ప్రమేయం చిరునామా మీ దగ్గర మిగిలిపోయి, దాన్ని పిలిస్తే, ఖాళీ చేసిన ఇంటి తలుపు తట్టినట్టే. అక్కడ ఇప్పుడు ఎవరున్నారో తెలియదు. ఈ బాధ పడలేక లైనక్స్‌లోని మజిల్ అనే సీ లైబ్రరీ అన్‌లోడ్ పిలుపును పేరుకు మాత్రమే ఉంచింది, నిజంగా ఏమీ తొలగించదు. రస్ట్ భాషలోని లిబ్‌లోడింగ్ ప్యాకేజీ మరో దారి పట్టింది. ప్రమేయం ఆయువును లైబ్రరీ ఆయువుకు కట్టివేసి, లైబ్రరీ పోయాక ప్రమేయాన్ని వాడే ప్రోగ్రామ్‌ను కంపైలర్ దగ్గరే ఆపేస్తుంది. అయినా లైబ్రరీని తెరిచే పిలుపును మాత్రం రస్ట్ పరిభాషలో "అన్‌సేఫ్" గానే ఉంచారు. లోపల ఏ కోడ్ ఉందో కంపైలర్‌కు తెలిసే వీలు లేదు కదా.

7. సరైన ఇంట్లో తప్పు మనిషి

ఇంతవరకు చూసిన దాడులన్నీ ప్రధానంగా చోటుకు సంబంధించినవి. 2024 మార్చిలో బయటపడినది అలాంటిది కాదు. లైనక్స్‌లో ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే ప్యాకేజీ ఉంది. దాని నిర్వహణలో చాలాకాలం నమ్మకంగా పనిచేసిన ఒక మారుపేరు వ్యక్తి 5.6.0, 5.6.1 వెర్షన్లలో రహస్య ద్వారం పెట్టాడు. దాడి గురి కుదింపు మీద కాదు, దూరం నుంచి సర్వర్‌లోకి ప్రవేశింపజేసే ఎస్ఎస్‌హెచ్ మీద. ఎస్ఎస్‌హెచ్ అసలు రూపానికి ఎక్స్‌జెడ్‌తో ఏ సంబంధమూ లేదు. కానీ కొన్ని లైనక్స్ పంపిణీలు "నేను సిద్ధం" అన్న ఒక చిన్న సందేశం పంపడానికి దానికి సిస్టమ్‌డీ లైబ్రరీని జతచేశాయి. ఆ లైబ్రరీకి ఎక్స్‌జెడ్ లైబ్రరీ కావాలి. అలా చుట్టం చుట్టమై అది ఎస్ఎస్‌హెచ్ సర్వర్ లోపల చేరింది. ఏ ప్రమేయాన్ని వాడాలో లోడింగ్ సమయంలోనే నిర్ణయించే ఒక ఏర్పాటును వాడుకుని, తాళం సరిచూసే ప్రమేయం స్థానంలో తనదాన్ని నిలిపింది. లోడర్ ప్రతి నియమాన్నీ పాటించింది. వరుస సరైనది, డైరెక్టరీ సరైనది, అనుమతులు సరైనవి.

ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్, లాగిన్ కావడానికి మామూలుకన్నా సుమారు అరసెకను ఎక్కువ పడుతోందేమిటని ఆరా తీసి దీన్ని పట్టుకున్నాడు. మార్చి 29న ఆయన ప్రకటించేనాటికి ఆ వెర్షన్లు ప్రధాన పంపిణీల స్థిరమైన విడుదలల్లోకి ఇంకా చేరలేదు. కుదింపు లైబ్రరీలను మొదట్లోనే కాక, నిజంగా అవసరమైనప్పుడు మాత్రమే డీఎల్ ఓపెన్‌తో తెచ్చుకునే మార్పు సిస్టమ్‌డీలో అప్పటికే మొదలైంది. ఆ ఏడాది జులైలో వచ్చిన ఎస్ఎస్‌హెచ్ 9.8 వెర్షన్ ఆ "సిద్ధం" సందేశాన్ని ఏ లైబ్రరీ సాయమూ లేకుండా తానే పంపడం మొదలుపెట్టింది.